నలభై ఏడో కొక్కెం

మా షెడ్డులో ఒక రూలు ఉండేది. సాయంత్రం బోర్డు నిండితే తప్ప మనిషన్నవాడు గేటు దాటకూడదు.

బోర్డంటే స్టోరు గోడ పొడవునా నూట ముప్ఫై కొక్కేలు. ఒక్కో కొక్కేనికి ఒక పానా, లేదా ఒక టార్చి, లేదా ఒక సుత్తి. ప్రతిదాని మీదా దాని నంబరు చెక్కి ఉంటుంది. పనివాడికి నలభై ఏడో పానా కావాలంటే తన ఇత్తడి బిళ్లను ఆ కొక్కేనికి తగిలించి పానా తీసుకెళ్లాలి. తిరిగి తెచ్చిచ్చి బిళ్ల పట్టుకెళ్లాలి. విమానాలు బాగుచేసే చోట పానా పోవడం ఇంట్లో గరిటె పోవడం లాంటిది కాదు. అది ఏ విమానం కడుపులో పడి ఉందో ఎవడికి తెలుసు? అందుకే సాయంత్రం ఒక్క బిళ్ల మిగిలినా సరే, ఆ పనిముట్టు దొరికేదాకా ఏ విమానమూ కదలకూడదు. పైలెట్లు తీసుకెళ్లే టార్చీలకు మాత్రం ఆ సాయంత్రం లెక్క లేదు, అవి వాళ్లతోనే ఎగిరి వాళ్లతోనే తిరిగొస్తాయి. ఆ బోర్డుకు పదకొండేళ్లు నేనే కాపలా. నంబర్లు చెక్కింది కూడా నా చేత్తోనే. షెడ్డులో నాకంటే పెద్దవాళ్లు కూడా నన్ను అక్కా అనే పిలిచేవాళ్లు.

రూలు ఎంత గట్టిదైతే దాని దొడ్డిదారి అంత నున్నగా ఉంటుంది. నా బల్ల కింది సొరుగులో నంబరు లేని పానాలు ఏడెనిమిది ఉండేవి. నాకు ముందు స్టోరు చూసిన పెద్దాయన తాళాలతో పాటు వాటినీ అప్పగించి వెళ్లాడు. మేం వాటిని సవతులు అనేవాళ్లం. సాయంత్రం ఏదైనా పానా కనబడకపోతే, బయట బస్సు హారను కొడుతుంటే, దాని చోట సవతిని ఎక్కించి బిళ్ల ఇచ్చేసేవాళ్లం. మర్నాడు అసలుది ఎవడి జేబులోనో, ఏ నట్ల డబ్బాలోనో బయటపడేది. సవతి మళ్లీ సొరుగులోకి పోయేది. పదకొండేళ్లలో దొరకనిదంటూ ఒక్కటీ లేదు. పైన పటారం లోన లొటారం అని నాకూ తెలుసు. తెలిసే నవ్వేదాన్ని.

ఆ వేసవిలో, ఒక గురువారం సాయంత్రం, మా తమ్ముడు కౌంటరు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. వాడు ఆ షెడ్డులోనే మెకానిక్కు. నాన్న పోయేనాటికి వాడికి ఆరేళ్లు, నాకు పదిహేడు. నేనే పెంచాను. చేతులు బంగారం, బుర్ర చిల్లుకుండ. పనిముట్లు పారేసుకున్నందుకు అప్పటికే రెండుసార్లు కాగితం ఇచ్చారు. మూడోది వస్తే ఇంటికే.

"అక్కా, నలభై ఏడు కనబడట్లేదు."

"ఎక్కడెక్కడ పనిచేశావ్?"

"పొద్దున చిన్న విమానం చక్రాల దగ్గర. మధ్యాహ్నం పెద్దదాని తోకలో."

"తోకలో చూశావా?"

"చూశాను. మూత బిగించేశాం కూడా. చక్రాల దగ్గరే ఎక్కడో పడుంటుందిలే. పొద్దున్నే వచ్చి వెతుకుతా."

"నిజంగా చూశావా, చూశాననుకుంటున్నావా?"

"ఒట్టు అక్కా."

వెనక ఇరవై మంది నిలబడి ఉన్నారు. రేకుల షెడ్డులో పగలంతా కాగిన మనుషులు. ఎవడో అరిచాడు, "అక్కాతమ్ముళ్ల ముచ్చట్లు ఇంటికెళ్లి చెప్పుకోండమ్మా, బస్సు పోతోంది!" అందరూ నవ్వారు. నేను సొరుగు లాగి ఒక సవతిని తీసి నలభై ఏడో కొక్కేనికి ఎక్కించాను. తమ్ముడి బిళ్ల తమ్ముడి చేతిలో పెట్టాను. బోర్డు నిండిందని పుస్తకంలో సంతకం చేశాను. బస్సులో వాడు నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు.

మర్నాడు పొద్దున ఏడింటికి బస్సు దిగాం. "ముందు వెతుకు పో" అన్నాను. "ఒక్క టీ తాగి వెతుకుతానక్కా, కళ్లు తెరుచుకోవట్లేదు" అన్నాడు. ఏడూ పదికి పెద్ద విమానం పరుగెత్తింది. పన్నెండు మంది ప్రయాణికులు, ఇద్దరు పైలెట్లు. నేను స్టోరు గుమ్మంలో నిలబడి తాళం తీస్తున్నాను. రోజూ చూసేదే కాబట్టి చూడకుండానే చూస్తున్నాను. లేచిన విమానం ముక్కు ఒక స్థాయికి వచ్చి ఆగాలి. ఆగలేదు. ఇంకా పైకి, ఇంకా పైకి లేచింది. ఒక క్షణం గాలిలో నిలబడిపోయి, ఒక పక్కకు ఒరిగి, గోడ అవతల రిజర్వాయరులో పడిపోయింది. చప్పుడు తరవాత వచ్చింది.

షెడ్డులో ఉన్న ప్రతి మనిషీ గోడ వైపు పరుగెత్తాడు. మా తమ్ముడు ఒక్కడే ఇటువైపు పరుగెత్తాడు. టీ గ్లాసు పారేసి, చిన్న విమానం కిందికి దూరి, చక్రాల దగ్గర నేలంతా చేతులతో తడుముతున్నాడు. నేను చూస్తూ నిలబడ్డాను. చాలాసేపటికి బయటికి వచ్చాడు. మోచేతుల దాకా గ్రీజు. చేతులు ఖాళీ. నా వంక చూశాడు.

ఎవరూ బతకలేదు.

మూడో రోజుకు విచారణ వాళ్లు దిగారు. ముగ్గురు. వాళ్ల పెద్దకు యాభై దాటి ఉంటాయి. ఏది అడగాలన్నా ముందు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటాడు. మావాళ్లు ఒక్క పూటలోనే ఆయనకు కళ్లజోడు అని పేరు పెట్టేశారు. రేపు స్టోరు లెక్క చూస్తారని ఆ సాయంత్రం కబురొచ్చింది.

ఇంట్లో తమ్ముడు కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నాడు.

"అక్కా, ఆ సవతి మీద నంబరు చెక్కు."

"ఏమంటున్నావో తెలుస్తోందా నీకు? పద్నాలుగు మందిరా!"

"నేను కావాలని చేశానా? అసలది అందులోనే ఉందని ఎవరు చూశారు? ఎక్కడైనా పడుండొచ్చు కదా!"

"మరి చక్రాల దగ్గర ఎందుకు దొరకలేదు?"

వాడు ఏడ్చాడు. ఆరేళ్లప్పుడు ఏడ్చినట్టే, నోరు తెరిచి, చప్పుడు లేకుండా. అమ్మ అంతా వింది. తనకు చెవులు వినబడవని చెప్పుకునే మనిషి, ఆ రోజు ఒక్క ముక్క పోనివ్వలేదు. వచ్చి వాడి తల పొట్టకు ఆనించుకుంది.

"పోయినోళ్లు ఎలాగూ తిరిగిరారు," అంది నాతో. "ఉన్నోణ్ణి కాపాడుకోవే. నీ చేతుల్లో పెరిగినోడు."

పొద్దున అందరికంటే ముందు వెళ్లి సవతిని బల్ల మీద పెట్టి, చెక్కే మిషను ఆన్ చేశాను. నాలుగు, ఏడు. అర నిమిషం పట్టింది. కొత్త గీత మెరుస్తుంటే గ్రీజూ దుమ్మూ కలిపి రుద్దాను. నన్ను నేను అసహ్యించుకోవడం ఆ అర నిమిషంలో మొదలైంది. ఇప్పటికీ అయిపోలేదు.

కళ్లజోడు కొక్కెం కొక్కెం చూసుకుంటూ వచ్చాడు. నలభై ఏడోది తీశాడు, తిప్పాడు, కిటికీ వైపు పట్టి చూశాడు, తగిలించాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను చెంగుతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాను. నూట పన్నెండో కొక్కేనికి ఒక బిళ్ల వేలాడుతోంది.

"ఇదెవరిదమ్మా?"

"కెప్టెన్‌ది సార్. ఎక్కేముందు విమానం చుట్టూ తిరిగి చూసుకుంటారు కదా, దానికి టార్చి తీసుకున్నారు. ముందురోజు."

"టార్చి ఆయనతోనే పోయి ఉంటుంది," అని రాసుకున్నాడు. చివర్న కళ్లజోడు తుడుచుకుని, "బోర్డు నిండుగా ఉంది," అన్నాడు. అంతే. నేను స్టూలు మీద కూలబడ్డాను.

ఆ తరవాత వారాల తరబడి అదే పని. నీళ్లలోంచి తీసిన ముక్కలన్నీ ఖాళీ షెడ్డులో నేల మీద పరిచారు. సుద్దతో విమానం బొమ్మ గీసి, ఏ ముక్క ఎక్కడిదో అక్కడ పెట్టుకుంటూ వచ్చారు. ముక్కు వచ్చింది, రెక్కలు వచ్చాయి, సీట్లు వచ్చాయి. ఒక పిల్ల చెప్పు కూడా వచ్చింది. తోక మాత్రం రాలేదు. అది విరిగి ఎక్కడో లోతు బురదలో దిగబడిపోయింది. తోక ఉండాల్సిన చోట సుద్ద గీత ఒక్కటే ఉండేది. ఆ గీత పక్కగా నడవాల్సి వస్తే మా తమ్ముడు చుట్టూ తిరిగి వెళ్లేవాడు.

పైలెట్ల మాటలు రికార్డయిన పెట్టె దొరికింది. అందులో చివరి మాటలు పేపరులో వేశారు. "దించు, ముక్కు దించు" అని ఒకరు. "దిగట్లేదు, దిగట్లేదు" అని కెప్టెన్. అంతే చాలు జనానికి. కంగారుపడి తానే పైకి లాగేశాడన్నారు. నిద్రపోలేదన్నారు, ఇంట్లో గొడవన్నారు, తాగాడని కూడా అన్నారు. చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు కదా, ఆయనకు ఆ మర్యాద కూడా దక్కలేదు. ఎవరో వాళ్లింటి గోడ మీద ఎర్ర రంగుతో హంతకుడు అని రాశారట. టీ దగ్గర మావాళ్లు ఆ మాట చెప్పుకుంటుంటే తమ్ముడు గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా ఉన్నాను.

ఒకరోజు కళ్లజోడు స్టోరుకు వచ్చి భూతద్దం అడిగాడు. విచారణ వాళ్లకని మేమిచ్చిన బిళ్లను తానే కొక్కేనికి తగిలించాడు. పెద్దవాళ్లెవరూ ఆ పని చేయరు, వాళ్లవి మేమే తగిలిస్తాం.

"తోక దొరుకుతుందా సార్?" అన్నాను. నా నోటికి తాళం వేసుకోవడం చేతకాదు.

"నీళ్లు ఇంకో మూడడుగులు దిగితే దొరుకుతుంది. వానలు పడితే మాత్రం మూసేయమన్నారు పైనుంచి."

"మూసేస్తే ఏం రాస్తారు?"

ఆయన కళ్లజోడు తీశాడు. "తెలిసినంత రాస్తాం. తెలియనిదంతా పైలెట్టు నెత్తిన పడుతుంది. ఎప్పుడూ అంతే."

ఆ ఎండలకు ఊరంతా వాన కోసం చూస్తోంది. మేమూ చూశాం. కాకపోతే ఊరు చల్లబడాలని చూసింది, మేం రిజర్వాయరు దిగకూడదని చూశాం. తమ్ముడు రోజూ పని నుంచి గట్టు మీదికి వెళ్లి, రాతి మెట్ల మీద నీటి గుర్తు చూసి వచ్చేవాడు. "ఇంకో మెట్టు దిగింది," అనేవాడు చెప్పులు విప్పుతూ. అమ్మ వాకిట్లోకి వెళ్లి ఆకాశం చూసేది. వాడు సగం మనిషయ్యాడు. చొక్కా హ్యాంగరుకు వేసినట్టుండేది. వాడి మీద కోపమొచ్చేది, జాలేసేది, రెండూ ఒకేసారి వచ్చి నాకు అన్నం దిగేది కాదు. మొదట్నుంచీ లెక్కేస్తే నీళ్లు పద్నాలుగు మెట్లు దిగాయి. పడవల వాళ్లకు నీళ్లలో ఏదో తెల్లగా కనబడిందని ఒక పుకారు లేచింది.

వాన రెండు వారాలు ముందే వచ్చింది. అదేదో మామూలు వాన కాదు, రేకుల మీద గులకరాళ్లు పోసినట్టు మూడు రోజులు పడింది. మొదటి రోజు అమ్మ వాకిట్లో తడుస్తూ నిలబడి రెండు చేతులూ పైకెత్తింది. తమ్ముడు నెలన్నర తరవాత కడుపునిండా తిన్నాడు. తిని, "అక్కా, నీ చేతి వంటే వేరు," అన్నాడు. నేను నవ్వాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ రోజు నాకు సంతోషంగానే ఉంది.

మూడో రోజు మధ్యాహ్నం స్టోరు గుమ్మంలో ఒకావిడ నిలబడింది. తడిసి ముద్దయింది. గుండెకు ఒక ప్లాస్టిక్ సంచి హత్తుకుని ఉంది. పైలెట్ల గదికి దారి అడుగుతుందనుకున్నాను.

"స్టోరక్క అంటే మీరేనా అండీ?"

"నేనే. లోపలికి రండి, తడుస్తున్నారు."

సంచిలోంచి ఒక టార్చి తీసి కౌంటరు మీద పెట్టింది. నేను తిప్పి చూశాను. నూట పన్నెండు. నా చేతి రాతే.

"కెప్టెన్ మావారండీ," అంది.

చేతిలోని టార్చిని కౌంటరు మీద పెట్టేశాను.

"ముందురోజు పొరపాటున జేబులో ఇంటికి తెచ్చేశారు. పొద్దున బయల్దేరేటప్పుడు ఇది కనబడక ఇల్లంతా తిరగేశారు. నన్ను తిట్టారు కూడా. నా బిళ్ల అక్కడే వేలాడుతోంది, స్టోరక్క ఏమనుకుంటుంది, అని." ఆవిడ కొంచెం నవ్వబోయింది, నవ్వు రాలేదు. "ఇల్లు ఖాళీ చేస్తున్నాం. ఆ గోడ చూస్తూ పిల్ల బడికి వెళ్లనంటోంది. నిన్న మంచం జరిపితే దొరికింది ఇది."

"మీరు రావాల్సింది కాదమ్మా. ఎవరితోనైనా పంపితే సరిపోయేది."

"ఇచ్చేసి బిళ్ల తెచ్చుకోవాలట కదండీ. ఆయన చెప్పేవారు." టార్చి వంక చూస్తూ, "ఆయనే ముంచాడంటున్నారు అందరూ. ఒక్క టార్చి కోసం ఇల్లంతా తిరగేసిన మనిషండీ," అంది.

నేను లేచి నూట పన్నెండో కొక్కెం నుంచి బిళ్ల తీశాను. తొమ్మిది, ఆయన బిళ్ల నంబరు. చెంగుతో తుడిచి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ పిడికిలి మూసింది. "ఎక్కడైనా సంతకం పెట్టాలా?" అని అడిగింది. అక్కర్లేదన్నాను. వానలోకి దిగి వెళ్లిపోయింది.

టార్చిని దాని కొక్కేనికి తగిలించాను. ఇప్పుడు బోర్డు నిజంగానే నిండింది, ఒక్కటి తప్ప. నలభై ఏడోది తీసుకున్నాను. గొడుగు కూడా తీసుకోకుండా ముక్కలు పరిచిన షెడ్డు దాకా నడిచాను.

కళ్లజోడు పెట్టెలు సర్దుకుంటున్నాడు. ముక్కల మీద టార్పాలిన్లు కప్పేస్తున్నారు. పానాను ఆయన ముందు బల్ల మీద పెట్టాను.

"ఇది మాది కాదు సార్."

ఆయన కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. చాలాసేపు తుడిచాడు.

"మిగతా వాటి నంబర్ల గీతల్లో ఏళ్ల జిడ్డుందమ్మా. దీంట్లో పైపైన ఉంది. మొదటి రోజే చూశాను."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?"

"అడిగితే, పాతది అరిగిపోయింది, కొత్తది తెచ్చాం అంటారు. కాదనడానికి నా దగ్గర ఏముంది? తోక దొరికితే నిలదీద్దామనుకున్నాను. దొరకలేదు." పానాను చేతిలోకి తీసుకున్నాడు. "అసలు దాని కొక్కేనికి ఆ సాయంత్రం ఎవరి బిళ్ల ఉంది?"

బయట వాన ఆగలేదు. టార్పాలిన్ లాగుతున్న ఇద్దరు మనుషులు మా వైపు చూడలేదు.

"మా తమ్ముడిది," అన్నాను.

విచారణ మూయలేదు. నేను రాసిచ్చిన వాంగ్మూలం చూసి పైవాళ్లు ఇంకో నెల ఇచ్చారు. గజ ఈతగాళ్లు వచ్చారు, తాళ్లూ కొక్కేలూ వచ్చాయి. పన్నెండో రోజున తోక బయటికి వచ్చింది, బురద కారుతూ. మూత విప్పారు. తోక రెక్కను కదిలించే చువ్వకూ చట్రానికీ మధ్య, మేకు కొట్టినట్టు, నలభై ఏడు ఇరుక్కుని ఉంది. ముక్కు ఎంత దించినా ఎలా దిగుతుంది? రెండు పానాలూ పక్కపక్కన పెట్టి నన్ను పిలిచారు. ఏది ముందు చెక్కారో చూపించమన్నారు. రెండూ నా చేతి రాతే. చూపించాను.

పైలెట్ల తప్పేమీ లేదని కాగితాల్లో రాశారు. పేపర్లో మూడో పేజీలో వేశారు, చిన్నగా. అప్పటికి వాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. గోడకు కొత్తగా వచ్చినవాళ్లు సున్నం వేయించుకున్నారు.

ఆ రోజు నుంచి అమ్మ నాతో మాట్లాడలేదు. కంచం పెడుతుంది, నీళ్లు పెడుతుంది, మొహం గోడ వైపు తిప్పుకుంటుంది. "కన్నదాన్ని కాబట్టి పెడుతున్నా" అని ఒకసారి గోడతో అంది. నాకు వినబడాలనే అంది.

నా ఉద్యోగం పోయింది. కేసులో తమ్ముడి పేరు మొదట, నా పేరు రెండోది. తాళాలు కొత్త స్టోరు మనిషికి అప్పగించే రోజు తమ్ముడు వచ్చాడు. తన డబ్బా తీసుకెళ్లడానికి రమ్మన్నారట. తెల్లారి పోలీసు స్టేషనుకు వెళ్లాలి వాడు. కౌంటరుకు అవతల నిలబడి, జేబులోంచి తన ఇత్తడి బిళ్ల తీసి నా ముందు పెట్టాడు.

"ఆ రోజే దీన్ని నీ దగ్గర ఉంచుకోవాల్సిందక్కా."

"నువ్వే అడిగావు కదరా."

"అడుగుతాను. వందసార్లు అడుగుతాను, నా సంగతి నీకు తెలీదా?" వాడి గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "నువ్వు ఇవ్వకుండా ఉంటే తిట్టుకుంటూనైనా వెతికేవాణ్ణి. తోక మూత మళ్లీ విప్పేవాణ్ణి. ఉద్యోగమే కదా పోయేది."

డబ్బా భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. గుమ్మం దగ్గర ఆగుతాడేమో, ఒకసారి అక్కా అంటాడేమో అని చూశాను. ఆగలేదు.

కొత్తాయన పుస్తకం పట్టుకుని బోర్డు మొదటి నుంచి సరిచూసుకుంటూ వస్తున్నాడు. సొరుగులోని సవతులన్నీ అప్పటికే తీసుకెళ్లిపోయారు. నలభై ఆరు దాటి ఆగాడు.

"ఇది ఖాళీగా ఉందేంటండీ? ఏం రాయమంటారు?"

బల్ల మీది బిళ్ల తీసుకుని వెళ్లి నలభై ఏడో కొక్కేనికి తగిలించాను.

"పానా ఇంకా రాలేదని రాయండి," అన్నాను. "మా తమ్ముడి పేరు మీద ఉంది."